‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపాగాకా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో పని చేస్తున్నాను. మాది సిద్దిపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. మా క్లయింట్ లండన్‌లో ఉంటారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం వాళ్లకి ‘ఐ యామ్ ప్రెజెంట్లీ టెస్టింగ్ ది ఫిక్స్’ అని మెయిల్ పెట్టాను. అక్కడి మేనేజర్ ‘మంచిది, ఎప్పుడు మొదలుపెడుతున్నారు?’ అని జవాబు రాశారు. అప్పటికి నేను మొదలుపెట్టి రెండు గంటలైంది. సాయంత్రం కాల్‌లో మా టీమ్ లీడ్ పన్నెండు మంది ముందు, ‘ప్రెజెంట్లీ అంటే త్వరలో అని, ఇప్పుడు అని కాదు. ఇది మనవాళ్ల ఇండియన్ ఇంగ్లిష్’ అన్నారు. ఆ మాట నాకు మా ఇంగ్లిష్ సార్ నేర్పింది. ఆయన తప్పు నేర్పారా? డిక్షనరీలో చూస్తే రెండు అర్థాలూ ఉన్నాయి. ఒకే మాటకి ‘ఇప్పుడు’ అనీ, ‘ఇప్పుడు కాదు, తర్వాత’ అనీ అర్థాలు ఎలా ఉంటాయి? ఆ రోజు నుంచి ఏ మెయిల్ రాయాలన్నా టెన్షన్‌గా ఉంటోంది. నా రెజ్యూమెలో కూడా ఇదే మాట ఉంది. తీసేయాలా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: మీ మనసులో గుచ్చుకుంటున్న ముల్లు ముందు తీసేస్తాను. మీ సార్ తప్పు నేర్పలేదు. ‘ప్రెజెంట్లీ’కి ‘ఇప్పుడు’ అనే అర్థం మన దేశంలో పుట్టింది కాదు, మీ సార్ కల్పించిందీ కాదు. 15వ శతాబ్దం నాటికే ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్న అర్థం అది. మీ లీడ్ చెప్పిన ‘త్వరలో’ దానికంటే చిన్నది, తర్వాత పుట్టింది. వయసు లెక్కన చూస్తే మీరు రాసిందే పెద్దన్న.

అలాగని మీ లీడ్ అబద్ధం చెప్పారని కాదు. బ్రిటన్‌లో చదువుకున్నవాళ్లు చాలామంది ‘ప్రెజెంట్లీ’ అనగానే ‘కాసేపట్లో’ అనే అర్థం చేసుకుంటారు. మీ మేనేజర్‌కీ అదే జరిగింది. కాబట్టి మీరు అడిగిన వాటిలో అసలైన ప్రశ్న ఆ మధ్యది. ఒకే మాట ఈ రెండు చోట్లకీ ఎలా చేరింది? ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, ఇప్పుడు అనువాదాలు చేసుకుంటున్నదాన్ని, నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీ స్కూల్లో హాజరు పిలిచినప్పుడు మీరంతా ‘ప్రెజెంట్ సార్’ అనే ఉంటారు. అంటే ‘ఎదుటే ఉన్నాను’ అని. ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని మూలార్థం ‘ముందర ఉండడం’. మనిషి ముందర ఉంటే హాజరు, కాలం ముందర ఉంటే వర్తమానం. దానికి ‘లీ’ తగిలిస్తే ‘ఈ ముందరున్న క్షణంలో’ అని అర్థం వస్తుంది. ఆ ఒక్క అర్థంలోంచే రెండు దారులు చీలాయి. జరుగుతున్న పని గురించి చెబితే ‘ఇప్పుడు’. చేయబోయే పని గురించి చెబితే ‘ఈ క్షణమే, వెంటనే’. మీకు డిక్షనరీలో కనిపించిన ‘త్వరలో’ అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

ఈ ‘వెంటనే’ అనే అర్థం ఎంత గట్టిగా ఉండేదో చూడాలంటే 1611కి వెళ్లాలి. ఆ ఏడాది కింగ్ జేమ్స్ రాజు పేరుతో ఇంగ్లిష్ బైబిల్ వెలువడింది. మత్తయి సువార్త 21వ అధ్యాయంలో అంజూరపు చెట్టు కథ ఉంటుంది. ఏసు ఆకలితో ఆ చెట్టు దగ్గరికి వస్తాడు. ఆకులు తప్ప కాయలు ఉండవు. ఇక ఎప్పటికీ కాయవద్దని అంటాడు. తర్వాతి వాక్యం, ‘అండ్ ప్రెజెంట్లీ ది ఫిగ్ ట్రీ విదర్డ్ అవే’. గుంటూరులో నా స్నేహితురాలి ఇంట్లో ఓసారి ఈ ఇంగ్లిష్ బైబిల్‌నీ, వాళ్లమ్మగారి తెలుగు బైబిల్‌నీ పక్కపక్కన పెట్టుకుని చూశాం. తెలుగులో ఆ చోట ఉన్న మాట ‘తక్షణమే’. చెట్టు తక్షణమే ఎండిపోయింది. ఆ వాక్యాన్ని మీ లీడ్ చెప్పిన అర్థంతో చదివి చూడండి. చెట్టు ‘కాసేపటికి’ ఎండిపోయిందంటే అద్భుతం కాస్తా చప్పబడిపోతుంది. చూస్తుండగానే ఎండిపోవడమే కదా అక్కడ విషయం.

అదే 1611 నవంబరు 1న లండన్‌లో రాజుగారి ఎదుట షేక్‌స్పియర్ నాటకం ‘ది టెంపెస్ట్’ ఆడారు. అందులో ప్రాస్పెరో అనే మాంత్రికుడు తన సేవలో ఉన్న ఏరియల్ అనే గాలిభూతాన్ని పిలిచి, మీవాళ్లందరినీ తీసుకురా అని పురమాయిస్తాడు. ఏరియల్ అడిగేది ఒకే మాట: ‘ప్రెజెంట్లీ?’ మాంత్రికుడి జవాబు: ‘అయ్, విత్ ఎ ట్వింక్’. ట్వింక్ అంటే కన్నార్పడం. తెలుగులో చెప్పాలంటే, ‘ఇప్పటికిప్పుడా?’ ‘ఆ, రెప్పపాటులో!’ అప్పుడు ఏరియల్, నువ్వు ‘రా, పో’ అనేలోపు, రెండుసార్లు ఊపిరి పీల్చేలోపు అందరూ ఇక్కడుంటారు అంటుంది. ప్రెజెంట్లీ అంటే అప్పట్లో ఎంత తొందరో ఈ నాలుగు మాటల్లో తెలిసిపోతుంది.

ఇంత పదునున్న మాట ‘కాసేపట్లో’గా ఎలా మొద్దుబారింది? దీనికి లండన్ దాకా పోనక్కర్లేదు, మన బస్టాండు చాలు. ఓసారి ఒక చిన్న ఊరి బస్టాండులో కూర్చున్నాను. బస్సు నిలబడి ఉంది. డ్రైవర్ గారు టీ కొట్టు దగ్గర ఉన్నారు. ‘బండి ఎప్పుడు కదులుతుంది బాబూ?’ అని కండక్టర్‌ని అడిగితే, ‘ఇప్పుడేనమ్మా’ అన్నాడు. పది నిమిషాలకు మళ్లీ అడిగా. ‘ఇదిగో, ఇప్పుడే’ అన్నాడు. నా పక్కన వేరుశనగ మూటతో కూర్చున్న పెద్దావిడ మూటలోంచి కాయలు తీసి తాపీగా ఒలుచుకోవడం మొదలుపెట్టింది. ‘ఇప్పుడే అన్నాడు కదా, ఇంకో అరగంట పడుతుందిలే’ అంది. ఆమె అంచనా నిజమైంది. బస్సు నలభై నిమిషాలకు కదిలింది.

కండక్టర్ అబద్ధం చెప్పలేదు. ఆవిడా అతన్ని తప్పుపట్టలేదు. ‘ఇప్పుడే’ అనే మాటని అతను ఎంత సాగదీసి వాడాడో ఆమె అంతే సాగదీసి విన్నది. మనం రోజూ చేసేది ఇదే. ‘ఒక్క నిమిషం’ అంటాం, పది నిమిషాలు తీసుకుంటాం. ‘వెంటనే పంపిస్తా’ అని మర్నాడు పంపిస్తాం. ఇలా కోట్లాదిమంది రోజూ కాస్త కాస్త సాగదీస్తూ పోతే, రెండు మూడు తరాలకి మాట అర్థమే అక్కడికి జరిగిపోతుంది. పిల్లలు నేర్చుకునేది ఆ మాట పుట్టినప్పటి అర్థాన్ని కాదు, ఇంట్లో దాన్ని వాడుతున్న తీరుని. ఇంగ్లండ్‌లో ‘ప్రెజెంట్లీ’కి పట్టిన గతి ఇదే. చేస్తానన్నవాళ్లు వెంటనే చేయలేదు. విన్నవాళ్లు ఆలస్యాన్ని అర్థంలో కలిపేసుకున్నారు. 16వ శతాబ్దంలోనే ఈ జారుడు మొదలైంది, 17వ శతాబ్దం ముగిసేసరికి ‘కాసేపటికి’ అన్నదే పుస్తకాల్లో స్థిరపడింది.

ఇది ఈ ఒక్క మాటకే జరిగి ఉంటే విచిత్రం అనుకోవచ్చు. ఇంగ్లిష్‌లో ‘వెంటనే’ అని చెప్పిన మాటలు ఎన్నో ఇదే దారిలో జారాయి. మనకి బాగా తెలిసిన ‘సూన్’ని తీసుకోండి. పాత ఇంగ్లిష్‌లో అది ‘సోనా’. అర్థం ‘తక్షణం’. ఇవాళ ‘సీ యూ సూన్’ అంటే వారం కావచ్చు, ఏడాది కావచ్చు. నాటకాల్లో వినిపించే ‘అనాన్’ అనే మాట మొదట్లో ‘నేరుగా, వెంటనే’, తర్వాత ‘కాసేపట్లో’. ‘బై అండ్ బై’ అని ఇంకోటి ఉంది. అదే 1611 బైబిల్‌లో, మార్కు సువార్తలో, హేరోదియ కూతురు రాజు దగ్గరికి పరుగున వచ్చి, బాప్తిస్మమిచ్చే యోహాను తలని ‘బై అండ్ బై’ పళ్లెంలో పెట్టి ఇప్పించమంటుంది. ఇవాళ్టి ఇంగ్లిష్‌లో ‘బై అండ్ బై’ అంటే ‘నెమ్మదిగా, ఎప్పటికో’. ఆ పిల్ల అడిగింది మాత్రం ఇప్పటికిప్పుడు, రాజు మనసు మారేలోపు. ‘డైరెక్ట్లీ’ కూడా అంతే. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడివాళ్లు దాన్ని ‘డ్రెక్లీ’ అంటారు. డ్రెక్లీ చేస్తానంటే ఎప్పుడో ఒకప్పుడు చేస్తానని. మన కండక్టర్ ‘ఇప్పుడే’కి కార్న్‌వాల్‌లో మేనబావ అన్నమాట.

తెలుగులో మనం దీన్ని ఎలా తట్టుకుంటున్నామో గమనించారా? మాట అరిగిపోయిన కొద్దీ దాని పక్కన ఇంకో మాటని నిలబెడతాం. సినిమా పోస్టర్ మీద ‘త్వరలో’ అని వేస్తే ఎవరూ నమ్మడం లేదని ‘అతి త్వరలో’ అని వేస్తారు. ‘ఇప్పుడే’ చాలకపోతే ‘ఇప్పటికిప్పుడు’. అదీ చాలకపోతే ‘ఉన్నపళంగా’. ఈ ‘ఉన్నపళంగా’ అంటే నాకు ప్రాణం. ఉన్నవాడు ఉన్నట్టే, చేతిలో పని వదిలేసి లేచి రావడం కళ్లకు కడుతుంది. ఇంకా అరిగిపోలేదు. ఎవరైనా ‘ఉన్నపళంగా రా’ అంటే ఇప్పటికీ గుండె ఒక్కసారి ఆగుతుంది, ఇంట్లో ఏమైందో అని.

ఇంగ్లిష్ కథల పుస్తకాల్లో ఈ కొత్త అర్థం బాగా కుదురుకుంది. 1865లో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’లో ఆలిస్ కుందేలు బొరియలో పడిపోతూ తనలో తాను మాట్లాడుకుంటుంది. కాస్త ఆగుతుంది. ‘ప్రెజెంట్లీ షీ బిగాన్ అగైన్’, అంటే కాసేపటికి మళ్లీ మొదలుపెట్టింది. 1908లో బియాట్రిక్స్ పాటర్ అనే రచయిత్రి రాసిన జెమైమా అనే బాతు కథలో కెప్ అనే కుక్క ‘ప్రెజెంట్లీ’ పాక తలుపు తెరిచి బాతుని బయటికి వదులుతుంది. అదీ కాసేపటికే. బ్రిటన్‌లో పిల్లలు ఈ కథలు వింటూ పెరుగుతారు. మీ క్లయింట్ మేనేజర్ చెవిలో ఏ అర్థం ముందు మోగిందో, ఎందుకు మోగిందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

ఈ అనువాదాల పనిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా మీరు పడిన చోటే పడ్డాను, అటువైపు నుంచి. ఒక పాత ఇంగ్లిష్ కథ తెలుగు చేస్తున్నాను. తుపాను రాత్రి, ఇంట్లో ఒంటరిగా ముసలావిడ, బయట ఎవరో తలుపు కొడుతున్నారు. ‘ప్రెజెంట్లీ షీ ఓపెన్డ్ ది డోర్’. నేను ‘ప్రస్తుతం ఆమె తలుపు తెరిచింది’ అని రాసేశాను. మా ఎడిటర్ గారు ‘ప్రస్తుతం’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘ఆవిడ భయపడలేదా అమ్మా?’ అని రాశారు. ఒక్కసారిగా అర్థమైంది. ఆవిడ వెంటనే తెరవలేదు. కాసేపు తలుపు దగ్గర నిలబడింది, చెవి ఆనించి విన్నది, ఆలోచించింది, ఆ తర్వాత గడియ తీసింది. ఆ భయమంతా కథకుడు ఒక్క ‘ప్రెజెంట్లీ’లో దాచాడు. నేను దాన్ని తుడిచేశాను. ‘కొంతసేపటికి తలుపు తెరుచుకుంది’ అని దిద్దాను. ఆ ఎర్ర సున్నా కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మరి మీ సార్ అర్థం ఏమైంది? ‘ఇప్పుడు’ అనేది చచ్చిపోలేదు. సాహిత్యం రాసేవాళ్లు 17వ శతాబ్దం తర్వాత దాన్ని పక్కనపెట్టారు, అంతే. స్కాట్లాండ్‌లో వాడుతూనే ఉన్నారు. ఇంగ్లండ్ పల్లెల్లో వాడుతూనే ఉన్నారు. అమెరికాలో ఆపిందే లేదు. గొడవకి బీజం బహుశా ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో పడింది. 1909 నాటి ఆ సంపుటంలో, సాహిత్య ఇంగ్లిష్‌లో ఈ అర్థం 17వ శతాబ్దం నుంచి వాడుకలో లేదని ఒక గమనిక వేశారు. మాండలికాల్లో మాత్రం మామూలుగా వినిపిస్తుందని ఆ గమనికలోనే ఉంది. పైగా ఉదాహరణల్లో 1901 నాటి లీడ్స్ నగరపు పత్రికలోని వాక్యం కూడా ఉంది. లీడ్స్ ఇంగ్లండ్‌లోని పెద్ద ఊరు, ఆ వాక్యం చక్కటి పత్రికా భాషలో ఉంది. చదివినవాళ్లకు మాత్రం ‘వాడుకలో లేదు’ అన్న ముక్కే గుర్తుండిపోయింది. అది పోగా పోగా ‘తప్పు’గా మారింది. వాడుకలో తగ్గిందనడానికీ, తప్పు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ఎవరూ లెక్కచేయకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. దానివల్లే మీలాంటివాళ్లు పన్నెండు మంది ముందు తలదించుకోవలసి వస్తోంది.

ఇవాళ్టి పరిస్థితి చెబుతాను. లండన్ వారపత్రిక ‘ది ఎకానమిస్ట్’ తన విలేఖరుల కోసం రాసుకున్న నియమాల్లో, ప్రెజెంట్లీ అంటే త్వరలో, ఇప్పుడు అని కాదు అని ఉంది. ఉదాహరణగా ఆ బాతు కథలో వాక్యాన్నే ఇచ్చారు. అటు అమెరికాలో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు రెండు అర్థాలూ చక్కగా బతికే ఉన్నాయనీ, ‘ఇప్పుడు’ అనేది 15వ శతాబ్దం నుంచి ఆగకుండా వాడుకలో ఉందనీ, దాన్ని ఎందుకు తప్పుపడతారో తెలియడం లేదనీ చెబుతుంది. వ్యాపారం, రాజకీయాల రాతల్లో ఆ అర్థం ఎక్కువట. మన ఆఫీసు ఉత్తరాల్లో ‘ప్రెజెంట్లీ వర్కింగ్ యాజ్’, అఫిడవిట్లలో ‘ప్రెజెంట్లీ రిసైడింగ్ ఎట్’ అని రాసేదీ ఆ అర్థంతోనే. కాబట్టి మీ లీడ్ ‘ఇండియన్ ఇంగ్లిష్’ అన్నది పొరపాటు. అమెరికావాళ్లు, స్కాట్లాండువాళ్లు, మనం, ముగ్గురం ఒకే పాత మాటని కాపాడుకుంటున్నాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ‘ప్రెజెంట్లీ’ని మీరు తెలుగులో ఏమంటారు? ‘ప్రస్తుతం’ అంటారు. ఆ ‘ప్రస్తుతం’ మటుకు పుట్టినప్పటి నుంచీ ఒకే అర్థంతో ఉందా? లేదు. సంస్కృతంలో అందులోని ధాతువుకి ‘స్తుతించడం’ అని అర్థం. ‘ప్రస్తుతం’ అంటే మాటల్లోకి తెచ్చినది, చర్చకి ఎత్తుకున్న విషయం. కాలంతో దానికి సంబంధం లేదు. ‘ప్రస్తావన’ ఆ ధాతువు నుంచి వచ్చిందే. అలంకారశాస్త్రంలో ‘అప్రస్తుత ప్రశంస’ అని ఒక అలంకారం ఉంది. చెప్పదలచుకున్నది వదిలి వేరే దాన్ని వర్ణిస్తూ, ఆ వంకతో అసలు విషయాన్ని స్ఫురింపజేయడం. చర్చలో ఉన్న విషయం అంటే ఇప్పుడు మన ముందున్న విషయం కదా, అలా అది మెల్లగా ‘ఇప్పుడు’ అయి కూర్చుంది. ముచ్చటేమిటంటే, దాని వ్యతిరేక పదం మాత్రం కదల్లేదు. ‘అప్రస్తుత ప్రసంగం’ అంటే ఇప్పటికీ సంబంధం లేని మాటలనే అర్థం, ‘ఇప్పుడు కాని ప్రసంగం’ అని కాదు. ఒకే ఇంట్లో అన్న ఊరు మారిపోయాడు, తమ్ముడు పాత ఊళ్లోనే ఉండిపోయాడు. మనం రోజూ రెండూ వాడతాం, తికమకపడం. కాబట్టి ఒక మాటకి రెండు అర్థాలు ఎలా ఉంటాయని కంగారుపడకండి.

సరే, ఇక మీ మెయిల్ సంగతి. మీ వాక్యంలో ‘యామ్ టెస్టింగ్’ అని వర్తమాన క్రియ స్పష్టంగా ఉంది. అయినా ఆయన ఎందుకు పొరబడ్డారు? ఇంగ్లిష్‌లో ఆ రూపం జరుగుతున్న పనికే కాదు, జరగబోయే పనికీ వాడతారు. ‘ఐ యామ్ ఫ్లయింగ్ టుమారో’ అంటే రేపు ఎక్కుతానని. మన ‘వస్తున్నా’ అచ్చం ఇలాంటిదే. ఫోన్‌లో ‘ఆ, వస్తున్నా’ అన్నవాడు దారిలో ఉండొచ్చు, ఇంకా చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండొచ్చు. రెండు వైపులా తిరిగే క్రియ పక్కన రెండు వైపులా తిరిగే మాట వచ్చి చేరింది. రెండిట్లో ఏ ఒక్కటి స్థిరంగా ఉన్నా ఆయన సరిగ్గానే చదివేవారు. ‘ఐ విల్ ప్రెజెంట్లీ సెండ్’ అంటే ఎవరైనా ‘త్వరలో’ అనుకుంటారు. ‘హి ఈజ్ ప్రెజెంట్లీ ది మేనేజర్’ అంటే ఎక్కువమంది ‘ఇప్పుడు’ అనుకుంటారు. మీది ఆ రెండిటి మధ్య సందులో పడింది.

అందుకే నా సలహా, క్లయింట్‌కి రాసే మెయిళ్లలో ఈ మాటని పక్కన పెట్టేయండి. తప్పని కాదు. మీ మెయిల్ చదివే ఆయనకి వేరే అర్థం తగులుతోందని మీకు ఇప్పుడు తెలుసు కాబట్టి. దాని బదులు ‘కరెంట్లీ’ రాయొచ్చు, అది రెండు దేశాల్లోనూ ‘ఇప్పుడు’ అనే అర్థమే ఇస్తుంది. ‘నౌ’ ఇంకా మంచిది. చిన్న మాట, ఎవరూ పొరబడరు. మనవాళ్లకి పొడుగు మాట రాస్తే గౌరవమని ఒక నమ్మకం ఉంది, అది అవసరం లేదు. అన్నిటికంటే మేలైంది గడియారం. ‘ఐ స్టార్టెడ్ టెస్టింగ్ ఎట్ టెన్ యువర్ టైమ్, విల్ సెండ్ ది రిజల్ట్స్ బై ఫోర్’ అని రాయండి. అప్పుడు అటు ఏ నిఘంటువు చదివి పెరిగినా పదికి మొదలైందనీ, నాలుగుకి వస్తుందనీ తెలుస్తుంది. వాళ్ల టైమా, మన టైమా అన్నది మాత్రం తప్పకుండా చెప్పండి. లండన్‌కీ మనకీ వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు తేడా.

ఇలాంటిదే ఇంకొక్క మాట, ‘మొమెంటరిలీ’. అమెరికా విమానాల్లో ‘వుయ్ విల్ బి ల్యాండింగ్ మొమెంటరిలీ’ అంటారు, ఇంకాసేపట్లో దిగుతామని. బ్రిటన్‌లో ఆ మాటకి ‘క్షణంపాటు’ అనే అర్థం. మీ క్లయింట్ లండన్ వాళ్లు కాబట్టి దాన్ని కూడా వాడకండి.

రెజ్యూమె విషయం. దాచాల్సినంత తప్పేమీ లేదు. అదే రెజ్యూమెతోనే కదా మీకు ఉద్యోగం వచ్చింది. బయటి దేశాలకి పంపేటప్పుడు మాత్రం ఆ మాట తీసేసి, చేరిన నెల, ఏడాది వేసి, పక్కన ‘టు ప్రెజెంట్’ అని పెట్టండి. అఫిడవిట్లు, ప్రభుత్వ దరఖాస్తుల జోలికి పోకండి. అక్కడ అందరూ ఒకే అర్థంతో చదువుతారు.

మీ లీడ్ గారి దగ్గర ఈ విషయం ఎత్తాలా అని మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో ఆ బాధ కనిపిస్తోంది. మళ్లీ ఆ పన్నెండు మంది ముందు నిఘంటువు తెరిచి వాదించొద్దు. ఆయన విడిగా దొరికినప్పుడు, ‘అన్నా, ఆ రోజు మీరన్న అర్థం లండన్‌లో నిజమే. నేను రాసింది అమెరికాలో, ఇక్కడా నడుస్తుందట, వందల ఏళ్ల నాటిదట. ఇకపై క్లయింట్‌కి నౌ అనే రాస్తాను’ అని చెప్పండి. అందులో గొడవ లేదు, తల వంచడమూ లేదు. ఇంకో మాట కూడా అనొచ్చు: ఏదైనా దిద్దాలంటే చాట్‌లో విడిగా చెప్పమని. మర్యాదగా అడిగితే చాలామంది వింటారు. వినకపోయినా, అడిగినందుకు మీకు లోపల కాస్త తేలిక అవుతుంది.

మెయిల్ రాయాలంటే వచ్చే టెన్షన్ ఒక్క రోజులో పోదు. ఒక పని చేయండి. కొన్నాళ్లపాటు మెయిల్ పంపే ముందు అందులో కాలాన్ని చెప్పే మాటలు మాత్రం ఒకసారి చూసుకోండి. సూన్, షార్ట్లీ, లాంటివి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇక్కడ గంట వేయగలనా అని అడగండి. వేయగలిగితే వేసేయండి. మిగతా వాక్యం ఎలా ఉన్నా పర్వాలేదు. తెలుగు మీడియంలో చదివి అక్కడిదాకా వెళ్లిన మీకు మిగతాది బాగానే వచ్చు. మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, జరిగినదాన్ని జరిగిన వరసలో ఎంత స్పష్టంగా చెప్పారో.

మీ సార్ ఇంకా బడిలోనే ఉంటే, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒకసారి కలిసి రండి. తప్పు నేర్పారేమోనన్న అనుమానంతో కాదు. అంజూరపు చెట్టు సంగతి, ఆ గాలిభూతం రెప్పపాటు సంగతి చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్లలకి క్రియావిశేషణాలు చెప్పే రోజున ఆయనకి పనికొస్తాయి.